ప్రమాదము - మిత్రధర్మము

లోకవ్యవహారములో ప్రమాదమనగా ఆపద. జైనాగమములలో ప్రమాదమనగా ఏమరుపాటు. ఏమరుపాటు వలన ప్రాణులకు కలుగు హానియే హింసయని తత్త్వార్థసూత్రము యొక్క నిర్ణయము. త్రాగి వాహనము నడుపుటలో ఈ రెండర్థములును ఒక్కచోట చేరును.

ఒక సందర్భమును ఊహింపుడు. బళ్లారిలో వివాహపు విందు ముగిసినది. రాత్రి పదకొండు గంటలు. హోసపేటకు మరలవలసిన సాధర్మికుడొకడు చాటున మద్యము సేవించి వచ్చి కారు తాళము చేతపట్టినాడు. ప్రక్కనున్న శ్రావకుడు చుక్కయైనను ముట్టనివాడు. అయినను ఆతని మనస్సు ఊగిసలాడుచున్నది. “పదిమందిలో ఆపినచో అన్నగారు నొచ్చుకొందురు. ఏటేటి బేరము వారితోనే గదా! త్రాగినది నేను కాను. ఆ కర్మ వారిదే.”

ఈ లెక్కలో పెద్ద తప్పు కలదు. పాపము చేయుట వలననే కాదు, చేయించుట వలనను, అనుమోదించుట వలనను అంటును. తాళము అందించినవాడు చేయించినవాడు. “మెల్లగా పొండి అన్నగారూ” అని సాగనంపినవాడు అనుమోదించినవాడు. రాజశాసనమును ఇంచుమించు ఇట్లే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 185వ సెక్షను ననుసరించి, 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నవాడు వాహనము నడుపుట నేరము. 2019 సవరణ పిమ్మట మొదటి తప్పునకు ఆరునెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జుల్మానా, లేదా రెండును. ఆ నేరమునకు తోడ్పడినవానికిని అదే శిక్ష యని 188వ సెక్షను చెప్పుచున్నది.

“నాకేమియు కాలేదు” అను త్రాగినవాని మాట నమ్మదగినది కాదు. తన స్థితిని తాను తెలిసికొను వివేకమునే మద్యము హరించును. మజ్జిగ గాని, కాఫీ గాని, చన్నీటి స్నానము గాని మత్తును దింపజాలవు. గంటలు గడవవలసినదే.

సాధర్మికుని దోషమును బయటపెట్టరాదు గదా యని కొందరు సందేహింతురు. నిజమే. సమ్యగ్దర్శనమునకు గల ఎనిమిది అంగములలో ఉపగూహనము ఒకటి. కాని దాని వెనువెంటనే స్థితికరణము చెప్పబడినది. జారువానిని నిలబెట్టుటయే స్థితికరణము. దోషమును కప్పుట వేరు, దోషికి దారి విడుచుట వేరు.

కావున శ్రావకుడు మిత్రుని ప్రక్కకు పిలిచి, మెత్తని మాటతో తాళము తీసికొనవలెను. ఆ రాత్రికి పడక చూపవలెను, లేదా వేరొకనిచే ఇల్లు చేర్పించవలెను. వినకున్న ఆతని అన్నదమ్ములను పిలువవలెను. అప్పటికిని వినకున్న పోలీసులకు చెప్పుటకును వెనుదీయరాదు. మరునాడు ఆ మాట బజారులో పొక్కరాదు. మత్తు దిగిన పిమ్మట ఏకాంతమున మద్యత్యాగమును గూర్చి హితము చెప్పవలెను.

బేరము చెడవచ్చును, మిత్రుడు ఏడాది మాటలాడకపోవచ్చును. అది తీరెడి బాకీ. పర్యూషణము ముగిసిన నాడు ఆతని గడప తొక్కి క్షమాపణ వేడుకొనవచ్చును. కాని ఆ చీకటి దారిలో సైకిలుపై ఇల్లు చేరబోవు కూలివాని ప్రాణము పోయినచో, క్షమాపణ వేడుటకు ఎవరి గడప తొక్కవలెను?