పండుగకు రాని కుమారుడు

పునరుత్థాన దినమున తెల్లవారకముందే క్రొవ్వొత్తులతో సమాధుల తోటకు పోవుదుము. మన పాలమూరు, నల్లగొండ పల్లెలలో ఆ గుంపున కొందరుండరు. గుంపు మేస్త్రీ వెంట హైదరాబాదుకో ముంబయికో కూలికి పోయిరి. “పండుగకైనను రానివానికి భక్తి యెక్కడిది?” అని మనమందుము. న్యాయమేనా?

మార్కు సువార్త 16వ అధ్యాయము చూడుడి. సమాధియొద్దకు వచ్చిన స్త్రీలతో దూత, ప్రభువు గలిలయకు ముందుగా వెళ్లుచున్నాడని చెప్పెను. గలిలయ యనగా శిష్యుల వలలు, పడవలు, చెమట ఉన్న చోటు. యోహాను 21లో, రాత్రియంతయు వల వేసి యేమియు పట్టలేని ఏడుగురి కొరకు ఆయన తీరమున నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపరచి యుంచెను. పనికి పోతిరేల యని గద్దింపలేదు, తినుటకు పిలిచెను. మనకు సువార్త తెచ్చినవారును ఇల్లు విడిచినవారే. 1890లో నల్లగొండలో సేవ నారంభించిన అబ్రాహాము ఫ్రీసెను దొరగారు రష్యా దేశమునుండి వచ్చిరి.

చార్జీ డబ్బులుండియు రానివారు లేరనను. అయినను ఇంటనున్న ముసలితల్లి యొక్కతియే భర్త సమాధికి సున్నము వేయుచుండగా, కొడుకును తిట్టుట సులభము. సున్నపు ముంత నందుకొనుట మనకు తోచదు. ఆ సాయంకాలము వాడు ఫోనులో అడుగును: “అమ్మా, నాయిన సమాధికి సున్నమేసిండ్రా?” ఆమె యేమి చెప్పవలెనో మన చేతిలో నున్నది.