ప్రతిభకు తోడెందుకు?

కవిత్వం దైవదత్తమైతే కవికి సాటి మనుషుల సాయం ఎందుకు? ఈ ప్రశ్న దగ్గర మన ఆలంకారికులు ఏకమాట మీద లేరు. కోనసీమ ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో కావ్యానికి ప్రతిభ ఒక్కటే కారణమన్నాడు. మమ్మటుడికి అది చాలలేదు. లోకజ్ఞానం, కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసే అభ్యాసం కూడా కలవాలన్నాడు. నాకు మమ్మటుడి మాటే సబబనిపిస్తుంది. అందుకు ఆధారం రాజశేఖరుడి కావ్యమీమాంస. వెయ్యేళ్లు దాటిన ఆ గ్రంథంలో కవి దినచర్య జాములవారీగా ఉంది: పొద్దున చదువు, ఆపైన రచన, భోజనం తర్వాత కావ్యగోష్ఠి, ఆ వెనక పొద్దున రాసినదానికి పరీక్ష, ఒంటరిగానో కొద్దిమంది మధ్యనో. రసావేశంలో రాసేవాడికి తప్పొప్పులెంచే చూపు ఉండదన్నది ఈ పరీక్షకు ఆయన చెప్పిన కారణం. ఆవేశం దేవుడిచ్చిందే అనుకుందాం. ఆ చూపు మాత్రం గోష్ఠుల్లో మసిలి అలవరచుకోవలసిందే.

నలుగురి మెప్పు మరిగినవాడు నలుగురికీ నచ్చేదే రాస్తాడు కదా అంటారు. ఆ ప్రమాదం ఉంది, కాదనలేం. రాజశేఖరుడికీ గోష్ఠి మీద గుడ్డినమ్మకం లేదు. సగం రాసింది వినిపిస్తే అది పూర్తికాదన్నాడు. కొత్త రచన ఒక్కడి ముందే చదవొద్దన్నాడు. రేపు వాడు తనదంటే సాక్ష్యం ఎవరు? (కావ్యచౌర్యం నిన్న మొన్నటి జబ్బు కాదు.) ఇన్ని జాగ్రత్తలు చెప్పినా గోష్ఠి మానెయ్యమనలేదు. ఆమాటకొస్తే పండితరాయలు కూడా ఆ ప్రతిభ కొందరికి దైవానుగ్రహం వల్ల, కొందరికి వ్యుత్పత్తి (పాండిత్యం), అభ్యాసాల వల్ల పుడుతుందని ఒప్పుకున్నాడు. ఇక మన నన్నయ, భారత అవతారికలోనే తన సహాధ్యాయి నారాయణభట్టు సాయాన్ని అర్జునుడికి కృష్ణుడు చేసిన సాయంతో పోల్చాడు.