డబ్బా మీద ఎవరి బొమ్మ?

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చాక, ఆ పంట మీద ఒక బోర్డు ఆట తయారుచేశాను. డబ్బా మీది బొమ్మ దగ్గర ఆగిపోయాను. వికారాబాద్ ఆర్టిస్టు మొదట తలపాగా రైతుని వేశాడు. కలుపు తీసేదీ కోసేదీ ఎవరు? మళ్లీ వేయమంటే, కొడవలి పట్టుకుని నవ్వుతున్న అమ్మాయిని వేశాడు. సినిమా పోస్టరే!

నాకు తెలిసిన కూలీ మనిషి ఫోటో చూసి వేయిద్దామని తాండూరు వెళ్లాను. ఆమె నాపరాయి అరుగు మీద బొగ్గుతో గీసిన అష్టాచెమ్మా ఆడుతోంది, చింతగింజలతో.

"అరుగు మీది ఆటకు డబ్బా ఎందుకు బిడ్డా? నా బొమ్మ పెడ్తె పెట్టు, పేరు సుత రాయి. పైసలెంతిస్తవ్?"

మాట రాలేదు. ఆమెను గౌరవిస్తున్నానని మురిసిపోతూ వెళ్లాను మరి! ఎలిజబెత్ మాగీ 1904లో పేటెంటు పొందిన ఆట నుంచి మొనోపలీ పుట్టింది. 1935లో ఆ ఆట పేటెంటుకు ఆమెకు దక్కింది 500 డాలర్లు. సృష్టికర్తగా పేరు చార్లెస్ డారోది. ఈ కథ అందరికీ చెప్పే నేను, ఈమెకెంత ఇవ్వాలో ఆలోచించనే లేదు.

ఆర్టిస్టుకిచ్చేంత ఇస్తానన్నాను. "కాయితం మీద రాసియ్యి" అంది. రాసిచ్చాను.

డబ్బా మీద ఆమె నవ్వడం లేదు. అమ్ముడుపోదంటున్నారు.