చూడక వ్రాసిన అంకె

మన పల్లె సంఘములలోనుండి ఎందరో ఆడపిల్లలు నర్సు చదువునకు పట్టణములకు వెళ్లుచున్నారు. చదువు చివర ఆస్పత్రిలోనే యుండి పని నేర్చుకొను కాలమొకటి వారికి కలదు. దానిని ఇంటర్న్‌షిప్ అందురు. ప్రియ చదువరీ, ఆ నెలలలో నీ బిడ్డకు ఎదురగు ఒక చిక్కును గూర్చి నీతో మాటలాడవలెనని యున్నది.

రాత్రి వార్డు. నలుబది మంచములు, ఇద్దరు నర్సులు, నేర్చుకొనుచున్న ఈ పిల్ల. ప్రతి రోగికిని నాడి, ఊపిరి, జ్వరము, రక్తపుపోటు చూచి చార్టులో వ్రాయవలెను. ఊపిరి సరిగా లెక్కించుటకే నిండు నిమిషము పట్టును. తెల్లవారవచ్చుచున్నది, పని తెమలలేదు. పెద్ద సిస్టరుగారు, "ఆ ఆరు మంచాలకీ ఇందాకటివే వేసేయమ్మా, అందరూ బాగానే ఉన్నారుగా" అందురు. పిల్ల పని పుస్తకములో సంతకము చేయవలసినది ఆమెయే.

ఆమెను దుర్మార్గురాలని తలంపకుము. ఇద్దరు మోయలేని పనిని ఇద్దరిమీద పెట్టినవారు ఆ వేళ ఇంటిలో నిద్రించుచున్నారు. అయినను ఆ అంకె యేమి చేయునో చూడుము. ఆపరేషను అయిన రోగికి కడుపులో రక్తము కారుచున్నయెడల, సామాన్యముగా పోటు పడిపోక మునుపే నాడి వేగమగును. పది గంటలకు 84, రెండింటికి 98, ఆరింటికి 116: ఈ వరుస చూచియే డాక్టరు పరుగెత్తి వచ్చును. మూడు గడులలోను 84 అని యున్నచో, ఆయన ఆ మంచము దాటి వెళ్లిపోవచ్చును. ఖాళీ గడి ఎవరును చూడలేదని నిజము చెప్పును, దానిని చూచి ఎవరో ఒకరు అడుగుదురు. నిండిన గడి ఎవరిని అడుగనియ్యదు.

లోబడుటయో, పైవారికి ఫిర్యాదు చేయుటయో తప్ప పిల్లకు వేరు దారి లేదని అనుకొందుము. కలదు. "సిస్టరుగారూ, ఆ ఆరుగురికీ ఇంకా చూడలేదండీ, పావుగంట ఇవ్వండి, చూసి రాస్తాను" అని అడుగవచ్చును. వీలుపడనిచో గడిని ఖాళీగా విడిచి, ఉదయము డ్యూటీకి వచ్చువారికి ఆ మంచములను నోటితో చెప్పవచ్చును. బబులోనులో దానియేలుకును మూడేండ్ల శిక్షణయే గదా! పైయధికారి రాజునకు భయపడుచుండగా అతడు ఆయనను నిందింపలేదు. తమను కనిపెట్టియుండువానిని పది దినముల గడువు వేడుకొనెను. తన నిశ్చయము మాత్రము విడువలేదు.

ప్రతి రాత్రియు ఇదే జరుగుచున్నచో ఊరకుండరాదు, స్కూలు టీచరుగారితో చెప్పవలసినదే. అప్పుడు సంతకము ఆలస్యమగును, మాటలు పడవలసివచ్చును. ఏమియు కాదని చెప్పి పిల్లను పంపుట మనకు తగదు.

ఇక నీ సంగతి. ఆదివారము రాత్రి ఆమె ఫోను చేసి మెల్లగా ఈ మాట ఎత్తును. అప్పుచేసి ఫీజు కట్టిన తండ్రి నోట, "సర్టిఫికెట్టు వచ్చేదాకా సర్దుకుపో తల్లీ" అనుమాట త్వరగా వచ్చును. పెద్ద సిస్టరుగారి మాటకంటె ఈ మాటకే ఆ పిల్ల లొంగునని నా తలంపు. సర్టిఫికెట్టు ఆలస్యమైనను ఇంటి తలుపు తెరచియుండునని ఆమెకు ముందుగానే తెలియవలెను. అది ఫోనులో చెప్పువరకు ఆగకుము. ఆమె పెట్టె సర్దుకొనుచుండగానే చెప్పుము.