పాత్రకు విలువా, మనిషికి విలువా?



మన ఇళ్లలోకీ ఇప్పుడు షోకేసులొచ్చాయి. వాటిలో కాళ్లున్న వెండి గిన్నెలు, నగిషీ చెక్కిన కప్పులు కనిపిస్తున్నాయి. "మట్టి పాత్ర చాలన్న బుద్ధుణ్ణి నమ్మేవాళ్లకు ఈ సోకులెందుకు?" అని కొందరు అడుగుతారు. ఆగి ఆలోచించాల్సిన ప్రశ్నే.

వినయ పిటకంలోని చుల్లవగ్గలో ఒక కథ ఉంది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి గంధపు చెక్కతో భిక్షాపాత్ర చేయించి, వెదురు గడల చివర ఎత్తున కట్టించి, మహిమలున్నవాళ్లు దించుకోవచ్చన్నాడు. పిండోల భారద్వాజుడు గాలిలోకి లేచి తెచ్చుకున్నాడట. బుద్ధుడు మెచ్చుకోలేదు సరికదా, మందలించాడు. ఆ పాత్రను పగలగొట్టించి, పొడి చేయించి, కంటి మందులో కలుపుకోమని ఇప్పించాడు. చెక్కవి, బంగారం, వెండి, మణులవి ఏవీ వద్దన్నాడు. ఇనుము, మట్టి పాత్రలు చాలన్నాడు.

పాత్రల అడుగులు అరిగిపోతుంటే కింద కుదురు పెట్టుకోమన్నాడు. కొందరు భిక్షువులు బంగారు, వెండి కుదుళ్లు చేయించారు. తగరం, సీసం మాత్రమే వాడమన్నాడు. వాటిమీదా బొమ్మలు వేయించుకొని వీధుల్లో చూపించుకు తిరిగారు. అదీ మాన్పించాడు. కుదురును మాత్రం వద్దనలేదు. అవసరానికి అడ్డు చెప్పలేదు, గొప్పలకు అడ్డు చెప్పాడు.

అయితే ఈ నియమాలు భిక్షువులవి. వాళ్లు ఉన్నది వదులుకొని వచ్చారు. మన తాతలు ఏదీ వదులుకోలేదు, వాళ్లకు అసలు అందనివ్వలేదు. హోటల్లో వేరే గ్లాసు. బావి దగ్గర ఎవరో ఎత్తి పోస్తే దోసిట్లో నీళ్లు. 1927 మార్చి 20న మహద్ చౌదార్ చెరువులో నీళ్లు తాగి, మనమూ మనుషులమేనని బాబాసాహెబ్ చాటారు. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదని కూడా ఆయనే రాశారు. కాబట్టి కష్టార్జితంతో మంచి గిన్నె కొనుక్కుంటే సిగ్గుపడక్కర్లేదు. అప్పు చేసి పక్కింటికి చూపించడానికి కొంటే మాత్రం, అది కుదుళ్లు చూపించుకు తిరిగిన భిక్షువుల పనే.

అంతకన్నా పెద్ద పరీక్ష ఇంకోటుంది. మీ వీధి ఊడ్చే మనిషి దాహమంటే ఏ గ్లాసులో ఇస్తున్నారు? మనలోనే ఇంకో కులంవాళ్లు ఇంటికొస్తే? వంటింట్లో ఒక గ్లాసు విడిగా దాచి ఉంటే, నిన్న మనల్ని గుమ్మం బయట నిలబెట్టిన కులమే ఇవాళ మన ఇంట్లో కూర్చున్నట్టు. గోడకు బుద్ధుడి పటం ఉన్నా లాభం లేదు.

ఈ రాత్రి ఒకసారి చూడండి. ఆ విడి గ్లాసు కనిపిస్తే, మిగతావాటితో కలిపి కడిగి బోర్లించండి.

భవతు సబ్బ మంగళం!