మనవాళ్లేనా?

ముంబైలో పాత కో-ఆపరేటివ్ హౌసింగ్ సొసైటీలో ఫ్లాటు కొన్నవాడి చేతికి చివరికి వచ్చే కాగితం పేరు షేర్ సర్టిఫికెట్. చాలా పాత సొసైటీల్లో దాని మీద ఉండేది యాభై రూపాయల వాటాలు ఐదు. మొత్తం 250 రూపాయలు. కోట్లు పోసి కొన్న మనిషి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. మెట్లు సొసైటీవి, మిద్దె సొసైటీది, నీళ్ల ట్యాంకు సొసైటీది. అతను కొన్నది ఒక సంఘంలో సభ్యత్వం. దాని వెంట వచ్చిన హక్కుతోనే ఆ నాలుగు గోడల మధ్య కాపురం ఉంటాడు.

అందుకే అక్కడ అమ్మేవాడితో బేరం కుదిరితే సరిపోదు. సొసైటీ కమిటీ కొనేవాణ్ణి సభ్యుడిగా చేర్చుకోవాలి. కమిటీ వాళ్లు ఉద్యోగం అడుగుతారు, కారుందా అని అడుగుతారు. ఆ తర్వాత కొన్నిచోట్ల ప్రశ్న పక్కదారి పడుతుంది. తెలుగువాళ్లకు ఆ దారి బాగా తెలుసు. కులం మొహం మీద అడగడం మర్యాద కాదనుకునేవారు “మీరేవిట్లు?” అంటారు. ఇంకా మర్యాదస్థులైతే ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, మనసులోనే లెక్క కట్టుకుంటారు. అడిగే తీరు ఏదైనా లోపలున్న ప్రశ్న ఒకటే: మనవాళ్లేనా?

ఇది చూడ్డానికి ఆస్తి తగాదా. తరచి చూస్తే ధర్మసందేహం. పక్కింట్లో ఎవరుండాలో ఎంచుకునే హక్కు మనిషికి ఉందా?

ఉందనేవారి వాదన తీసిపారెయ్యదగ్గది కాదు. 1915లో బొంబాయి గామ్‌దేవిలో సారస్వత్ కో-ఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ పుట్టింది. దాని వెనకున్న మనిషి శ్రీపాద్ సుబ్బరావ్ తల్మకి. కెనరా తీరం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన గుమాస్తాలకు మహానగరంలో సొంతిల్లు అందని మాట. పదిమంది కలిసి డబ్బు పోగేసి, అప్పు తెచ్చి కట్టుకోవాలి. ఒకడు వాయిదా ఎగ్గొడితే ఆ బరువు మిగతావాళ్ల మీద పడుతుంది. అలాంటప్పుడు ఎవర్ని నమ్మాలి? తాతముత్తాతల నుంచి ఎరిగున్నవాళ్లనే. ఆనాడు బంధుత్వమే పూచీకత్తు. అలా సహకారం కులం చేయి పట్టుకుని నడక నేర్చుకుంది.

అహ్మదాబాద్‌లో 1926 నాటి పార్సీల సొసైటీ కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పార్సీలకు తప్ప సభ్యత్వం లేదని దాని నిబంధన. ఒక సభ్యుడు తన ఆస్తిని బయటివారికి అమ్మబోతే సొసైటీ అడ్డుపడింది. హైకోర్టు నిబంధన చెల్లదంది. 2005 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిందే, ఇష్టపడి చేరినవాడు నిబంధనకు కట్టుబడాల్సిందే, మార్చాలంటే అది చట్టసభల పని అన్నది దాని సారాంశం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద పార్సీలు 57,264 మంది. కరిగిపోతున్న చిన్న సమాజం తన వీధిని తనకే ఉంచుకోవాలనుకోవడంలో ఉన్న బెంగను అర్థం చేసుకోవచ్చు.

కాకపోతే కోర్టు తేల్చింది చట్టం సంగతి. ధర్మం సంగతి తేలలేదు.

గామ్‌దేవి సొసైటీ పుట్టిన ఆ 1915లోనే, అదే అహ్మదాబాద్ పక్కన కొచ్రబ్‌లో గాంధీ ఆశ్రమం పెట్టాడు. కొన్ని నెలలకే అంటరాని కులానికి చెందిన దూదాభాయి, భార్య దానీబెన్, పసిపాప లక్ష్మితో చేరారు. బావి దగ్గర గొడవ మొదలైంది. విరాళాలు ఆగిపోయాయి. డబ్బు అడుగంటితే అంటరానివారి వాడకే మకాం మారుద్దామని గాంధీ నిశ్చయించుకున్నాడు. అంతలో ఒక మిల్లు యజమాని కారులో వచ్చి 13,000 రూపాయలు చేతిలో పెట్టి వెళ్లాడు.

ఈ కథలో జనం సాధారణంగా పదమూడు వేల దగ్గర ఆగుతారు. ఆగాల్సింది అంతకు ముందే. ఆశ్రమం తలుపు బార్లా తెరిచిన సత్రం కాదు. అక్కడ కఠిన నియమాలున్నాయి. వాటిని పాటిస్తామన్నాకే దూదాభాయి కుటుంబానికి చోటు దొరికింది. అంటే గాంధీ కూడా సభ్యుల్ని ఎంచుకున్నాడు. తేడా అతను అడిగిన ప్రశ్నలో ఉంది. “ఎలా బతుకుతావు?” అన్నాడు గానీ “ఎవరికి పుట్టావు?” అనలేదు. మొదటి ప్రశ్నకు జవాబు మనిషి చేతిలో ఉంటుంది. రెండోదానికి జవాబు అతను పుట్టకముందే ఎవరో రాసిపెట్టారు.

ఆ రెండో ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో అంబేడ్కర్‌కు తెలుసు. విదేశాల్లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఊళ్లో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో గది తీసుకున్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని జనం వచ్చారు. ఆ రోజే సత్రం ఖాళీ చేశాడు, తర్వాత ఊరే వదిలాడు. 1930ల్లో ఆయన పుస్తకాలతో సహా స్థిరపడేందుకు కట్టుకున్న ఇల్లు ‘రాజగృహ’ ఉన్నది దాదర్‌లోని హిందూ కాలనీలో. అక్కడికి కూతవేటు దూరంలోనే దాదర్ పార్సీ కాలనీ.

ఇప్పటి సొసైటీల్లో ‘మనవాళ్లేనా’ ఎక్కువగా వంటింటి వేషంలో వస్తోంది. మాంసం తినేవారికి ఇల్లు ఇవ్వం అంటారు. దీన్ని వంకగా వాడుకునేవారు ఉన్నారు, నిజంగా బాధపడేవారూ ఉన్నారు. సూర్యాస్తమయం లోపు భోజనం ముగించి, దుంపలు కూడా ముట్టని జైన కుటుంబానికి పక్కింటి చేపల వాసన నిజంగానే కడుపులో తిప్పుతుంది. అది అబద్ధం అనడం అన్యాయం. అయితే వ్రతం అనేది ఎవరికి వారు పట్టేది. ఏకాదశి ఉపవాసం చేసే మనిషి పక్కింటి పొయ్యి ఆర్పడానికి వెళ్లడు. తన నాలుకకు వేసుకున్న కట్టు ఇంకొకరి నాలుకకు వేస్తే దాన్ని వ్రతం అనరు, పెత్తనం అంటారు. వరండాలో చెత్త వెయ్యొద్దు, రాత్రి పదకొండుకు మిక్సీ తిప్పొద్దు అనే హక్కు పొరుగువాడికి ఉంది. తలుపు వెనక ఉడికే కూర మీద లేదు.

శంకరుడి కథ తెలుగువాళ్లకు తెలిసిందే. కాశీలో ఎదురొచ్చిన చండాలుణ్ణి తొలగమంటే, తొలగాల్సింది దేహమా, లోపలున్న ఆత్మా అని అతను ఎదురడిగాడట. జగద్గురువు అక్కడే మనీషా పంచకం చెప్పాడని ఐతిహ్యం. అది దారిలో ఎదురైన ప్రశ్న, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎదురైతే తప్పుకోవడం ఇంకా కష్టం. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు పరీక్ష పెట్టింది కూడా భోజనం దగ్గరే.

విచిత్రమేమిటంటే సొసైటీ లెక్కల పుస్తకంలో ఈ వివక్షకు చోటే లేదు. మహారాష్ట్ర మాదిరి నిబంధనల ప్రకారం లిఫ్టు ఖర్చు అందరికీ సమానం. ఎన్నడూ లిఫ్టెక్కని కింది అంతస్తు ముసలాయన కూడా ఏడో అంతస్తువాడితో సమానంగా కడతాడు. మూడు గదులున్నా ఒక గదున్నా సభ్యుడికి ఓటు ఒక్కటే. భవనానికి ముప్ఫై ఏళ్లు దాటితే దాని గట్టితనం ఇంజినీరు పరీక్షించి ధ్రువీకరించాలి. కింద స్తంభం పగిలితే పైనున్న అన్ని వంటిళ్లూ ప్రమాదంలో పడతాయి. పడగొట్టి కొత్తది కట్టాలంటే సభ్యుల ఓట్లు కావాలి. అప్పుడు ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగరు.

ముంబైలోనే కామాటిపుర ఉంది. తెలంగాణ నుంచి వలసవెళ్లి ఆ నగరంలో భవనాలు కట్టిన కామాటీల వల్ల వచ్చిన పేరది. ఇళ్లు కట్టేటప్పుడు ఆ చేతులు ఎవరివని అడిగినవారు లేరు.

హైదరాబాద్, విజయవాడల్లో పద్ధతి వేరు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కింద కొనేవారికి ఫ్లాటుతోపాటు నేలలో అవిభక్త వాటా రిజిస్టరవుతుంది. కొనుగోలుదారుణ్ణి కాదనడానికి అసోసియేషన్‌కు ముంబై కమిటీకి ఉన్నంత పట్టు లేదు. అయినా ‘టులెట్’ బోర్డు కింద ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అన్న మాట కనిపిస్తూనే ఉంది. ఈసారి మీ అపార్ట్‌మెంట్ సర్వసభ్య సమావేశం నోటీసు వచ్చినప్పుడు లిఫ్టు మరమ్మతు, బోరు మోటారు పక్కన ఇంకొక్క అంశం చేర్చమని కార్యదర్శికి రాసివ్వండి: ఇల్లు అడగవచ్చినవారిని కులం, మతం, తిండి అడగకూడదని. ఎన్ని చేతులు లేస్తాయో అక్కడే లెక్కపెట్టించండి.