చూసినమాట నిజమే

"దయ్యాలున్నాయంటారా?" అని ఎవరైనా అడిగితే నేను చప్పున జవాబు చెప్పను. ముందు వాళ్ళింట్లో ఎవరికి కనిపించిందో కనుక్కుంటాను. ఊరికే ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువండీ!

కిందటేడు తాండూరులో రైలు దిగి, కందిచేల మధ్యనుంచి యాలాల్ వెళ్ళాను, మా పెద్దమ్మను చూడ్డానికి. పక్కింట్లో కొత్త కోడలు. తెల్లవారుజామున తెల్లచీర మనిషి వచ్చి తన గుండెల మీద కూర్చుంటోందని ఏడుస్తోంది. కళ్ళు తెరిచే ఉంటాయట. కాలూ చెయ్యీ కదలవట, గొంతు పెగలదట.

"అన్నీ నాటకాలు. తల్లిగారింటికి పోవాలని సాకు," అంది అత్తగారు.

"నాటకం కాదు, ఎవరో చేసిన్రు. బాణామతే గది," అంది పెద్దమ్మ.

మా పెద్దమ్మ మంచిదే. కానీ ఆ మాట అక్కడితో ఆగదు కదా! ఎవరు చేసిన్రు అని వెతుకుతారు. వీధి చివర ఒంటరిగా బతికే ఏ ముసలమ్మో దొరుకుతుంది. మంత్రం పలక్కుండా పళ్ళు రాలగొట్టిన సంగతులు, ప్రాణాలే తీసిన సంగతులు మన తెలంగాణ పల్లెల్లో ఎన్ని జరగలేదు! దయ్యాన్ని తప్పించుకోవడానికి కూడా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాశారే గాని, "ఓ పురుషుడా" అని రాసినవాళ్ళను నేను చూడలేదు.

పోనీ, అంతా మనసులోదే అందామా? మనం కలగనే వేళ మెదడే మన ఒంటిని కదలకుండా కట్టేస్తుందట. లేకపోతే కలలో పరిగెత్తేవాళ్ళంతా మంచం దిగి పరిగెత్తరూ! ఒక్కోసారి ఆ కట్టు విడకముందే మెలకువ వస్తుంది. కళ్ళు గదిని చూస్తూంటాయి, కల ఇంకా అయిపోదు. నిద్ర చాలనివాళ్ళకీ, దిగులుతో పడుకునేవాళ్ళకీ ఇది ఎక్కువని డాక్టర్లంటారు. 1921లో విల్మర్ అనే అమెరికా కంటి డాక్టరు ఒక కుటుంబం కథ రాశాడు. కొత్తింట్లో చేరాక వాళ్ళకు అడుగుల చప్పుళ్ళు, ఆకారాలు. తీరా చూస్తే ఇల్లు వెచ్చబరిచే కొలిమి చెడిపోయి విషవాయువు గదుల్లోకి వస్తోంది. కనబడ్డవి మనసులోవే, కారణం మాత్రం ఇంట్లోనే ఉంది! "మనసులోదే" అనేసి చేతులు దులుపుకుంటే ఆ కొలిమిని ఎవరు బాగుచేయిస్తారు?

ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు చూసినమాట నిజమేనమ్మా. రాత్రి ఎన్నింటికి పడుకుంటావు?" అన్నాను.

"పదకొండు దాటుతదక్కా. నాలుగింటికి లేవాలె," అంది కళ్ళు తుడుచుకుంటూ. ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట.

అత్తగారితో మెల్లగా అన్నాను, నాలుగు రోజులు ఆరింటిదాకా పడుకోనివ్వమని.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మరి పొద్దుగాల బర్రెను ఎవరు పిండాలె?" అంది.